నందే చదివిన వ్యాగన్లు

మద్రాసు,
16 జూన్ 1997

ప్రియమైన మీకు,

ప్రభువు నామంలో వందనాలు. నిన్న పొద్దున్న మద్రాసు చేరాను. కిరందుల్ నుంచి విశాఖపట్నం దాకా మన రైల్లో ఒంటరిగా కూర్చోవడం నాకు ఇదే మొదలు. అరకు దగ్గర సొరంగాలు వచ్చినప్పుడల్లా, ఇలాంటి చీకట్లలోంచే కదా మీరు ఇన్నేళ్ళుగా ఇనుపరాయి బండిని లాక్కెళ్తున్నారు అనుకున్నాను.

నేను బయలుదేరే ముందు నాలుగు రోజులు మీరు నాతో మాట్లాడలేదు. "వెళ్ళమనను, వద్దనను" అన్నారు, అంతే. ఆ మాటకి ఏ అర్థం తీసుకోవాలో దారిపొడుగునా ఆలోచించాను. మీరు అడగలేదు గనక నేనూ సరిగ్గా చెప్పలేదు. ఇప్పుడు చెబుతాను.

మన చర్చి బడిలో ఇరవై రెండేళ్ళు ఇంగ్లీషు చెప్పాను. కిందటేడు పైతరగతులు ఎత్తేశాక ఇంట్లో కూర్చున్నాను. అప్పుడే చర్చి పత్రికలో ఆ చిన్న ప్రకటన కనిపించింది. జాంబియా దేశంలో పేదపిల్లల బడికి ఇంగ్లీషు చెప్పేవాళ్ళు కావాలి, రెండేళ్ళు, జీతం లేదు, తిండీ గదీ ఇస్తాం అని. నలభై అయిదేళ్ళదాన్ని నన్నెవరు తీసుకుంటారులే అని సరదాకి రాశాను. రమ్మన్నారు. రమ్మన్నాక తెలిసింది, సరదాకి రాయలేదని. పిల్లలుండి ఉంటే వెళ్ళేదాన్ని కాదేమో. మనిద్దరమే కదా. ఇది ప్రపంచమంతా మాట్లాడే భాష, నేర్చుకోండి అని ఇన్నేళ్ళు చెప్పాను గానీ, ఆ ప్రపంచం ఎలా ఉంటుందో నేను చూడలేదు. చూడాలని ఉంది. అంతకన్నా గొప్ప కారణం నా దగ్గర లేదు.

ఇక్కడ శిక్షణకి వచ్చినవాళ్ళం పన్నెండుమందిమి ఉన్నాం. అందరిలోకీ నేనే పెద్దదాన్ని. పసుపు జ్వరం రాకుండా సూది వేశారు, చెయ్యి బూరెలా వాచింది. ఇవాళ ఒక వింత పాఠం జరిగింది. మిజోరం నుంచి వచ్చిన టీచరమ్మ గంటసేపు మాకు లెక్కలు చెప్పింది, మొత్తం మిజో భాషలోనే. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. ప్రశ్న అడిగితే తెల్లమొహం వేశాను. మొదట కోపం వచ్చింది. తర్వాత సిగ్గు. ఆఖరికి నిద్ర ముంచుకొచ్చింది. పాఠంలో కునికే పిల్లలు సోమరులని ఇన్నాళ్ళూ అనుకునేదాన్ని. కాదేమోనండీ.

కందిపప్పు నీలం డబ్బాలో ఉంది, పెసరపప్పు దాని వెనక. డ్యూటీకి వెళ్ళేటప్పుడు వంటగది కిటికీ వేసి వెళ్ళండి, కోతులు వస్తాయి.

ఇట్లు,
మీ ప్రమీలారాణి

·

కిరందుల్, బస్తర్ జిల్లా,
9 జూలై 1997

ప్రియమైన ప్రమీలకు,

నీ ఉత్తరం అందింది. వాపు తగ్గిందా?

మాట్లాడలేదన్నావు. ఏం మాట్లాడాలో తోచక మాట్లాడలేదు. నాకు తెలిసింది రెండు పట్టాలు. ఎదర సిగ్నల్ పచ్చగా ఉంటే పోవడం, ఎర్రగా ఉంటే ఆగడం. నువ్వు అడిగినదానికి ఏ రంగూ వెయ్యలేకపోయాను.

ఇక్కడ వానలు పట్టుకున్నాయి. కొండచరియ విరిగి పడి గూడ్సు బళ్ళన్నీ రెండు రోజులు ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. నేను జగదల్‌పూర్ డ్రైవర్లు పడుకునే రన్నింగ్ రూములో చిక్కుబడ్డాను. తిరిగొచ్చేసరికి వంటగది కిటికీ తెరిచే ఉంది. మిగతాది నువ్వే ఊహించుకో. కందిపప్పు ఏ డబ్బాలో ఉండేదో కోతులకి నాకన్నా బాగా తెలుసు.

పక్క క్వార్టర్ నూకాలమ్మ రోజూ ఆరా తీస్తోంది. "ఏటి బావూ, అప్ప ఉత్తరం రాసిందా? ఆ దేశంలో అన్నం దొరుకుతాదా, నేదా? జీతం నేకుండా ఎవులెల్తారు బావూ అంత దూరం?" అంటుంది. నేను "చూడ్డానికి వెళ్ళింది" అన్నాను. "ఏటి చూడ్డానికి?" అంది. "చూశాక రాస్తుంది" అన్నాను. కాబట్టి చూసినవన్నీ రాయి.

మీ బడి సామానులో మిగిలిన అట్లాసు తెచ్చి చూశాను. జాంబియాలో రాగి గనులున్నాయి, సముద్రం లేదు. మరి రాగి ఏ రేవుకి పోతుంది? రైళ్ళున్నాయా? ఏ గేజి? కరెంటా, డీజిలా? మనలా కొండలెక్కే ఘాట్ సెక్షన్ ఉందా? వెళ్ళగానే కనుక్కో. ఇది నూకాలమ్మ కోసం కాదు, నా కోసం.

ఆరోగ్యం జాగ్రత్త.

జయరావు

·

కిట్వే దగ్గర, జాంబియా,
5 అక్టోబరు 1997

ప్రియమైన మీకు,

వందనాలు. ముందు మీ ప్రశ్నలకి జవాబులు. రైళ్ళున్నాయి. మూడున్నర అడుగుల గేజి. డీజిలు. రాగి ఇక్కణ్ణుంచి టాంజానియా రేవుకి వెళ్తుందట, దాదాపు రెండు రోజుల ప్రయాణం. ఘాట్ సంగతి ఎవరూ చెప్పలేకపోయారు. స్టేషన్ మాస్టరు, "మీ ఆయన ఇక్కడికి ఎందుకు రాలేదు, ఆయనే అడిగేవాడు కదా" అన్నాడు.

దిగిన రోజు మట్టి చూసి నిలబడిపోయాను. కిరందుల్ మట్టే. అదే ఎరుపు, చెప్పులకి అదే మరక. ఇనుప గనుల ఊరి నుంచి బయలుదేరి రాగి గనుల ఊరికి వచ్చాను. కానీ ఇక్కడి గనుల్ని అమ్మేస్తున్నారట, చాలామంది మగవాళ్ళకి పని పోయింది. ఫీజు కట్టలేని పిల్లలకోసం ఊరివాళ్ళే ఈ బడి పెట్టుకున్నారు. బడి ఎక్కడనుకున్నారు? మూతబడ్డ సారా దుకాణంలో! బారు బల్లే నా టేబులు. గోడ మీద బీరు సీసా బొమ్మ ఇంకా ఉంది. మన పాస్టరుగారికి మాత్రం ఈ సంగతి చెప్పకండి.

తిండికి మొక్కజొన్న పిండితో గట్టిగా సంకటి చేస్తారు. ఎండబెట్టిన చిన్న చేపల కూర ఉంటుంది, అచ్చం మన నెత్తళ్ళే. నూకాలమ్మతో చెప్పండి, నేను చిక్కలేదు.

నా తరగతిలో అరవై ఒక్కమంది. నేను లోపలికి అడుగుపెట్టగానే, "గుడ్ మార్నింగ్ మేడం హౌ ఆర్ యూ వియ్ ఆర్ ఫైన్" అని ఒక్క ఊపిరిలో అంటారు. ఎంత బాగా వచ్చో అని మురిసిపోయాను. ఒక పాపని పేరు అడిగాను. "వియ్ ఆర్ ఫైన్" అంది. పక్కవాణ్ణి ఎన్నేళ్ళురా అని అడిగాను. వాడూ "వియ్ ఆర్ ఫైన్" అన్నాడు. వీళ్ళ ఇళ్ళలో మాట బెంబా. బడిలో మొదటిరోజు నుంచీ అంతా ఇంగ్లీషు. బెంబాలో మాట్లాడిన పిల్ల మెళ్ళో ఒక చెక్కముక్క వేలాడదీస్తారు. ఇంకొకరు మాట్లాడి దొరికేదాకా అది తీయకూడదు. హెడ్మాస్టరు చాందాగారు పెట్టిన పద్ధతి. మంచి మనిషే, పిల్లలకోసం ప్రాణం పెడతాడు.

ఆ చెక్కముక్క చూసినప్పుడు నాకు నందే గుర్తొచ్చింది. మీకు గుర్తుందా? పదేళ్ళ కిందట, లైను అవతలి ఊరి నుంచి నడిచొచ్చేది. రెండేళ్ళు నా తరగతిలో కూర్చుని నోరు విప్పలేదు. ఒకరోజు పక్కపిల్లతో గోండీలో ఏదో అంటే స్కేలుతో వేళ్ళ మీద కొట్టాను. ఆ వారం తర్వాత ఇక రాలేదు. ఆ పిల్ల ఇప్పుడెక్కడుందో తెలుస్తుందా?

ఇక్కడ బడి ఊడ్చే ఆవిడ ఒకామె ఉంది, నా వయసే. పెద్దకొడుకు పేరుతో బానా ములెంగా అంటారు, అంటే ములెంగా వాళ్ళమ్మ. బడి వదిలాక తనకి ఇంగ్లీషు చదవడం నేర్పమంటుంది. ఎందుకని అడిగితే నవ్వుతుంది, చెప్పదు. సారా బల్ల దగ్గర రోజూ గంట కూర్చుంటున్నాం.

మీ బళ్ళ సంగతులు రాయండి.

మీ ప్రమీల

·

కిరందుల్,
21 డిసెంబరు 1997

ప్రియమైన ప్రమీలకు,

క్రిస్మస్ శుభాకాంక్షలు. ఈ ఉత్తరం నీకు చేరేసరికి పండగ దాటిపోతుంది.

ఇక్కడ అంతా బాగానే ఉంది. చలి ఎక్కువగా ఉంది. చర్చికి సున్నం వేశారు. నూకాలమ్మ అరిసెలు పంపింది. వంట బాగా వస్తోంది నాకు, ఉప్పు తప్ప.

నందే కనబడింది. మొన్న సంతలో వెదురు బుట్టలు ముందు పెట్టుకుని కూర్చుంది. పెద్దదయింది, ఇరవై ఉంటాయేమో. గుర్తుపట్టి పేరు పెట్టి పిలిస్తే ఒకసారి చూసి తల తిప్పేసింది. పట్టాలు బాగుచేసే మన గ్యాంగ్‌మన్ కోసకి వాళ్ళ ఊరు తెలుసట. కోసది ఆంధ్ర సరిహద్దున కుంట ఊరి వైపు, తెలుగూ గోండీ రెండూ వచ్చు. కానీ పదేళ్ళ కిందటి పిల్ల నీకిప్పుడు ఎందుకు? వేల మైళ్ళ దూరం వెళ్ళి లైను అవతలి ఊరి గురించి అడుగుతున్నావు.

ఆ బానా ములెంగాకి ఇంగ్లీషు ఎందుకో తెలిశాక రాయి. ఎందుకై ఉంటుందా అని నేనూ లెక్కలు వేస్తున్నాను.

జయరావు

·

కిట్వే దగ్గర,
30 మార్చి 1998

ప్రియమైన మీకు,

వందనాలు. బానా ములెంగాకి ఇంగ్లీషు ఎందుకో తెలిసింది. కూర్చుని చదవండి.

ఆర్నెల్లు ఆమెకి అక్షరాలు నేర్పాను. క్యాట్, మ్యాట్, ర్యాట్. ముక్కస్య ముక్కగా కూడబలుక్కుని చదివేది గానీ, ఏ మాటకీ అర్థం మనసులోకి పోయేది కాదు. అయినా ఒక్కరోజు మానలేదు. కిందటి గురువారం వాన. పిల్లలు వెళ్ళిపోయారు. ఆమె రొమ్ముల దగ్గర దోపుకున్న గుడ్డ విప్పి, మడతల్లో చిరిగిపోతున్న ఒక కాగితం తీసి బల్లమీద పెట్టింది. దక్షిణాఫ్రికా గనులకి పనికి వెళ్ళిన మొగుడు రాసిన ఉత్తరం. మూడేళ్ళయింది. ఆ తర్వాత ఇంకోటి రాలేదు. ఇంకెవరిచేతా చదివించలేదు. "నా ఇంటి మాట వేరేవాళ్ళ నోట్లో ఎందుకు పడాలి మేడం? నేనే చదువుకుంటా" అంది, వచ్చీరాని ఇంగ్లీషులో. ఉత్తరాలన్నీ ఇంగ్లీషులోనే ఉంటాయని ఆమె నమ్మకం. బడిలో చూసిన రాతంతా ఇంగ్లీషే కదా మరి.

చదవమన్నాను. మొదటి వరస మీద వేలు పెట్టింది. "బా... నా... ము... లెం... గా." తన పేరు గుర్తుపట్టి నవ్వింది. తర్వాతి మాట. "ము... లి... శా... ని." ఆగింది. మళ్ళీ చదివింది. గట్టిగా చదివింది. "ములిశాని" అంటే ఇక్కడ ఎలా ఉన్నావు అని. పొద్దున్న లేస్తే వీధిలో అందరూ ఒకరినొకరు అడుగుకునే మాట.

ఆమె కాగితం వైపు చూసింది, నా వైపు చూసింది. "మేడం, ఇది మాట్లాడుతోంది" అంది. ఉత్తరం మొత్తం బెంబాలోనే ఉందండీ! మూడేళ్ళూ ఆమె సొంత మాటలే ఆమె గుండెల మీద ఉన్నాయి. అక్షరాలు ఎవరో ఒకరు బెంబాలో నేర్పి ఉంటే నెలరోజుల్లో చదువుకునేది. నేను ఆర్నెల్లు పిల్లినీ ఎలకనీ చదివించాను.

నేను లేచి బయటికొచ్చేశాను. కిటికీలోంచి ఆమె కూడబలుక్కుంటున్న చప్పుడు వినిపించింది, వేగం పెరుగుతూ పోయింది. తర్వాత ఆమె కాగితం మడిచి మళ్ళీ గుడ్డలో దోపుకుంది. బయటికి వచ్చి నా చెయ్యి పట్టుకుని "నాటొటేలా, బామాయో" అంది. థాంక్స్ అమ్మా అని. ఇక్కడ తల్లిని మాయో అంటారు. ఉత్తరంలో ఏముందో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. మర్నాడు మామూలుగానే వచ్చి గది ఊడ్చింది. పిల్లల్ని మాత్రం ఆ రోజు ఎవర్నీ కసరలేదు.

నాకొక పని చేసిపెట్టండి. కోసని తీసుకుని నందే ఊరు వెళ్ళండి. నేను కొట్టినందుకు క్షమించమని అడిగానని చెప్పండి. పదేళ్ళు ఆలస్యమైందని తెలుసు. ఉత్తరం రాద్దామంటే ఆ పిల్లకి చదవడం నేను నేర్పలేదు.

ఇంకొకటి. మీ ఉత్తరాల్లో రైళ్ళు కనబడ్డం లేదు. చలి ఉంది, సున్నం ఉంది, అరిసెలున్నాయి, బండి లేదు. ఏం జరిగిందండీ?

మీ ప్రమీల

·

కిరందుల్,
14 జూన్ 1998

ప్రియమైన ప్రమీలకు,

జవాబుకి రెండు నెలలు పట్టింది. రెండు పనులు చెప్పావు, రెండూ కష్టమైనవే.

రెండోది ముందు. నేను బండి తోలడం లేదు. కిందటి నవంబరులో, దంతెవాడ దాటాక, "ఎరుపు! సార్, ఎరుపు!" అని మా అసిస్టెంటు అరిచాడు. బండి సిగ్నల్‌కి ముందే ఆగింది, ఎవరికీ ఏమీ కాలేదు. కానీ వాడు అరిచేదాకా నాకు ఆ ఎరుపు కనబడలేదు. దిగి నేనే వెళ్ళి చెప్పాను, నా కళ్ళు చూడండి అని. చూశారు. లోకో మీదకి పనికిరానని రాశారు. ఇప్పుడు డ్రైవర్లు డ్యూటీ ఎక్కే లాబీలో కూర్చుని ఎవరికి ఏ బండి అని రిజిస్టరు రాస్తున్నాను. నువ్వు కంగారుపడి వచ్చేస్తావని రాయలేదు. గుడ్డివాణ్ణేమీ కాను. చదువుతున్నాను, రాస్తున్నాను, బియ్యంలో రాళ్ళేరుతున్నాను.

ఇక మొదటిది. కోసా నేనూ ఒక ఆదివారం బయలుదేరాం. లైను దాటి రెండు గంటల నడక. నందే వాళ్ళమ్మ పొజ్జే దొన్నెల్లో జావ పోసి ఇచ్చింది. నందే బుట్ట అల్లుతూ చెయ్యి ఆపలేదు. నేను హిందీలో మొదలుపెట్టాను. "మీ టీచరమ్మ నిన్ను కొట్టిందట. అందుకే నువ్వు బడి మానేశావని దిగులు పడుతోంది. క్షమించమని అడగమంది" అన్నాను.

కోస నావైపు విడ్డూరంగా చూశాడు. "ఏంది సారూ, ఈ ఒక్క మాట చెప్పనీకేనా ఇంత దూరం నడిపిచ్చినవ్?" అన్నాడు. అయినా గోండీలో మళ్ళీ చెప్పాడు.

నందే పకపకా నవ్వింది. "కొట్టిందా? మేడం అందర్నీ కొట్టేది. నాకు గుర్తే లేదు" అంది.

"మరి ఎందుకు మానేశావు?"

బుట్ట పక్కన పెట్టాక చెప్పింది. హిందీ సగం, గోండీ సగం, చాలనిచోట కోస అందుకున్నాడు. చిన్నప్పుడు ఆ పిల్ల రోజూ లైను పక్కన నిలబడి బళ్ళు చూసేదట. "మా కొండ దాంట్లోనే కదా పోయేది. పెట్టె మీద ఏదో రాసుండేది. మా కొండ పేరే రాశారనుకున్నా. ఎక్కడికి పోతోందో కూడా రాసుంటారనుకున్నా. అది చదువుకుందామని బడికి వచ్చా" అంది.

చదివిందట ప్రమీలా. నువ్వు నేర్పిన అక్షరాలతోనే. బి, ఓ, వై. బాయ్. బాయ్ అంటే మగపిల్లాడని నువ్వే చెప్పావట. ఒక పెట్టె మీద బాయ్. రెండోదాని మీద బాయ్. బండి మొత్తం బాయ్. మరి గర్ల్ పెట్టె ఎప్పుడొస్తుందా అని ఆ వానాకాలమంతా లైను పక్కన ఎదురుచూసిందట. ఆఖరికి యార్డులో ఒకాయన్ని అడిగితే, అది పెట్టె రకం పేరు, దానికి అర్థం ఏమీ లేదు పో అని నవ్వాడట.

"రెండేళ్ళు నడిచొచ్చి నేర్చుకుంటే, రాసిందానికి అర్థమే లేదన్నారు. మా కొండ పేరు ఎక్కడా లేదు. ఇంక ఎందుకని మానేశా" అంది.

ఇరవై మూడేళ్ళు ఆ వ్యాగన్లు లాగాను. బి ఓ వై అని లక్షసార్లు చూసుంటాను. అది మాట అని నాకెప్పుడూ తట్టలేదు.

లేచి వచ్చేస్తుంటే అడిగింది, "మా మాటలు రాయొచ్చా, రాయకూడదా?" అని. నాకు తెలిసిందల్లా రిజిస్టరు రాయడం. జేబులో పెన్ను తీసి, కొండని ఏమంటారో చెప్పు అన్నాను. మెట్ట అంది. నీళ్ళని ఏర్ అంది. చూశావా, మన మెట్టా, మన ఏరూ! తెలుగు అక్షరాల్లో రాసి చదివి వినిపించాను. మళ్ళీ చదవమంది. అయిదుసార్లు చదివించింది. తర్వాత హిందీ అక్షరాల్లో కూడా రాయమంది, అక్కడి పిల్లలకి అవే తెలుసట.

ఇప్పటికి నాలుగు ఆదివారాలు వెళ్ళాను. నూట పన్నెండు మాటలయ్యాయి. నందే తప్పులు దిద్దుతుంది. చాలా కచ్చితం మనిషి.

నీ జయరావు

·

కిట్వే దగ్గర,
8 జూలై 1998

ప్రియమైన మీకు,

మీ ఉత్తరం పొద్దున్న చదివాను, మధ్యాహ్నం చదివాను, మళ్ళీ ఇప్పుడు చదివాను. ఎనిమిది నెలలు! ఎనిమిది నెలలు నాతో సున్నం గురించీ అరిసెల గురించీ మాట్లాడారా? మీ మీద చాలా కోపంగా ఉంది. ఆ ఎరుపు కనబడని రోజు ఇంటికొచ్చి ఒక్కరే ఏం తిన్నారో, ఎవరితో చెప్పుకున్నారో తలుచుకుంటే కోపం నిలవడం లేదు.

నందే నవ్విందని చదివి నేనూ నవ్వాను. తర్వాత చాలాసేపు తల ఎత్తలేకపోయాను. నేను కొట్టిన దెబ్బే పెద్ద సంగతనుకున్నాను, చూశారా? ఆ పిల్లకి అంతకంటే పెద్ద ప్రశ్న ఉంది. రెండేళ్ళు ఎదురుగా కూర్చుంది, నువ్వెందుకు వచ్చావమ్మా అని నేను ఒక్కసారీ అడగలేదు.

ఇక్కడా ఒక గొడవ జరిగింది. పోయిన నెలలో నా తరగతిలో నీళ్ళని మీ భాషలో ఏమంటారని అడిగాను. అందరూ చెక్కముక్క వైపే చూశారు. నేను దాన్ని తీసి నా మెళ్ళో వేసుకుని, "అమేన్శి" అన్నాను. బానా ములెంగా దగ్గర నేర్చుకున్న మాటే. పిల్లలు ముందు బిక్కచచ్చిపోయారు, ఆ వెంటనే ఆ సారా దుకాణం పైకప్పు ఎగిరిపోయేలా నవ్వారు. అప్పట్నుంచీ ముందు వాళ్ళ మాట రాస్తున్నాను, పక్కన ఇంగ్లీషు మాట. పేరు అడిగితే పేరు చెబుతున్నారు.

చాందాగారు పిలిపించారు. అరవలేదు. "మిసెస్ రావ్, మీకు ఇంగ్లీషు ఉంది గనక విమానం ఎక్కి ఇక్కడికి వచ్చారు. వచ్చి మా పిల్లల్ని బెంబాలో చదువుకోమంటున్నారు. బెంబాతో వాళ్ళు ఏ విమానం ఎక్కుతారు?" అన్నారు. ఆగస్టు ఆఖర్న ఊరి కమిటీ కూర్చుంటుంది. నన్ను ఉంచాలో పంపాలో వాళ్ళు తేలుస్తారు.

వాళ్ళు తేల్చేదాకా ఆగను. టికెట్ ముందుకి జరపమని మద్రాసుకి రాశాను. నేను వచ్చేస్తున్నాను. మీ కళ్ళు మంచి డాక్టరుకి చూపిద్దాం. ఇన్నాళ్ళూ మిమ్మల్ని ఒక్కరినే వదిలినందుకు నన్ను క్షమించండి.

మీ ప్రమీల

·

కిరందుల్,
29 జూలై 1998

ప్రియమైన ప్రమీలకు,

ఉత్తరం ఇవాళే అందింది, ఇవాళే జవాబు రాస్తున్నాను. పోస్టు కట్టేలోపు వేయాలి.

టికెట్ జరపొద్దు.

ఎందుకో చెప్పాలంటే ముందు ఒక అబద్ధం ఒప్పుకోవాలి. నువ్వు కంగారుపడి వచ్చేస్తావని కళ్ళ సంగతి దాచానన్నాను కదా. అది నిజం కాదు. వచ్చేస్తావని దాచలేదు. రావేమోనని దాచాను.

నవంబరులో మూడు ఉత్తరాలు రాశాను. లోకో పోయింది ప్రమీలా, వచ్చెయ్ అని. మూడూ చింపేశాను. నీ ఉత్తరాల్లో నువ్వు ఎంత సంతోషంగా ఉన్నావో కనిపిస్తూనే ఉంది. మనకి పిల్లలు లేరు. నిన్ను ఈ క్వార్టరుకి కట్టేసేది ఏదీ లేదు, నేను తప్ప. ఆ నేను కూడా బండి తోలనివాణ్ణయ్యాను. చెప్పాక కూడా నువ్వు రాకపోతే? ఆ సంగతి తెలుసుకుని బతకడం కంటే చెప్పకుండా ఉండటమే నయమనిపించింది. నువ్వు బయలుదేరే ముందు నాలుగు రోజులు మాట్లాడకపోవడం కూడా ఇదే భయం. వద్దంటే ఆగుతావో ఆగవో తెలుసుకోవడం ఇష్టం లేక, వద్దనను అన్నాను.

ఇప్పుడు నువ్వు వచ్చేస్తున్నానని రాశావు. ఆ ఒక్క వరస చదివాక నాకు ఇంకేం అక్కర్లేకపోయింది. కాబట్టి రావొద్దు.

కళ్ళ గురించి దిగులు పడకు. పోయిన వారం విశాఖపట్నంలో చూపించాను. కుడికంటికి శుక్లం తీస్తారట, అక్టోబరులో. బండి ఇక తోలలేను గానీ మిగతా పనులకి ఢోకా లేదన్నారు. నూకాలమ్మ తోడు వస్తానంది. "అప్ప నేనప్పుడు మేం చూసుకోమేటి బావూ?" అని కసిరింది కూడా.

మీ చాందాగారి మాట నందేకి చెప్పాను, బెంబాతో ఏ విమానం ఎక్కుతారన్న మాట. బాగా ఆలోచించింది. "ఆయన అన్నది నిజమే. ఇంగ్లీషు వద్దని ఎవరన్నారు? నాకూ కావాలి. కానీ ఆ బి ఓ వై ఏమిటో నాకు తెలిసే మాటలో ఎవరైనా చెప్పి ఉంటే, నేను బడి మానేదాన్ని కాదు" అంది. నాకు ఇంతకంటే బాగా చెప్పడం రాదు. నువ్వు ఆ కమిటీ ముందు నిలబడి ఈ మాట చెప్పు. పక్కన బానా ములెంగాని నిలబెట్టుకో. వాళ్ళు పంపేస్తే అప్పుడు రా, తల ఎత్తుకుని రా. ఉంచితే మిగతా పదినెలలూ పూర్తిచేసి రా. మధ్యలో నా పేరు చెప్పి దిగిపోతే, ఆ పిల్లల మెళ్ళో ఆ ముక్క మళ్ళీ పడుతుంది. నా కళ్ళకి ఆ పాపం వద్దు.

ఆదివారాలు ఇప్పుడు మేం ముగ్గురం కాదు. నందే పక్క ఇళ్ళ పిల్లల్ని పదిమందిని పోగుచేసింది. ఆమే చెబుతుంది, నేను నోటుపుస్తకం పట్టుకుని వెనక కూర్చుంటాను. నేను పలికితే పిల్లలు నవ్వుతారు. నవ్వితే నవ్వనీ, ఇంకోసారి పలుకుతాను. యాభై ఏళ్ళకి తరగతిలో వెనక వరసలో కూర్చోవడం బాగుంది ప్రమీలా. నువ్వు రోజూ నీ ఎదురుగా చూసేది ఇలా తడబడేవాళ్ళనే కదా అనిపిస్తుంది.

నువ్వు వచ్చే రోజు తెలియగానే రాయి. నేను విశాఖపట్నం వచ్చేస్తాను, ఇద్దరం కలిసి తిరిగొద్దాం. ఇరవై మూడేళ్ళు ఆ దారిలో ఎదర పట్టాలు తప్ప ఏమీ చూడలేదు. పక్కన ఏ ఊళ్ళున్నాయో, వాళ్ళు మా బండిని చూసి ఏమనుకునేవారో నాకు తెలియదు. ఈసారి కిటికీ దగ్గర సీటు నాకు కావాలి.

నీ
జయరావు